నేలకు ఏది నయం: రెడ్ ఓకా, బ్లాక్ లోకస్టా?

రెండూ ఉత్తర అమెరికా చెట్లే. యూరప్‌లో మనుషులే తెచ్చి నాటారు, ఇప్పుడు వాటంతట అవే అడవుల్లోకి పాకుతున్నాయి. పీకేయడానికి డబ్బు, మనుషులు ఎప్పుడూ చాలవు కాబట్టి ముందు దేని పని పట్టాలన్నదే ప్రశ్న.

చూడగానే రెడ్ ఓక్ మీదే అనుమానం వస్తుంది. దాని ఆకు గట్టిది, లిగ్నిన్ (కలపకు గట్టిదనమిచ్చే పదార్థం) ఎక్కువ, ఓ పట్టాన కుళ్లదు. ఏటికేడు పొరలు పేరుకుని, కింద చిన్న మొక్కలకు చోటే ఉండదు. పోషకాలు ఆ ఆకుల్లోనే చిక్కుకుపోతాయి, పైమట్టి కాస్త ఆమ్లంగా మారుతుంది.

బ్లాక్ లోకస్ట్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. చిక్కుడు కుటుంబం చెట్టు. వేరు బుడిపెల్లోని రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. ఉచితంగా ఎరువు, ఇంకేం కావాలి అనిపిస్తుంది కదా? పొలానికైతే నిజమే. కానీ బీద నేలకు అలవాటుపడ్డ అడవి మొక్కలకు అదే ముప్పు. నత్రజని పెరిగితే నెటిల్ (దురద పుట్టించే కలుపు), ఎల్డర్ (ఒక పొద) లాంటివి విజృంభించి వాటిని తొక్కేస్తాయి. పైగా మిగులు నత్రజని నైట్రేట్‌గా మారి వాననీటితో కిందికి దిగిపోతూ, ఆమ్లాన్ని అదుపులో ఉంచే కాల్షియం, మెగ్నీషియంలను కూడా లాక్కుపోతుంది. చివరికి ఈ నేల కూడా ఆమ్లం వైపే జరుగుతుంది, దారి వేరంతే.

నా లెక్కలో అసలు తేడా చెట్టు పోయాక కనబడుతుంది. రెడ్ ఓక్ ఆకుల దుప్పటి మెల్లగానైనా కుళ్లిపోతుంది. లోకస్ట్ చేర్చిన నత్రజని మాత్రం ఏళ్ల తరబడి మట్టిలో తిరుగుతూనే ఉంటుంది. అందుకే అడవిలో రెండింట్లో ఒకటి ఉండక తప్పదంటే రెడ్ ఓక్‌నే ఉండనిస్తాను.

అలాగని లోకస్ట్ ఎక్కడా పనికిరాదనలేం. హంగరీ అడవుల్లో దాదాపు పావు వంతు ఇదే. ఇసుక ఎగిరిపోకుండా ఆపింది, గట్టి కలప, మంచి తేనె ఇస్తోంది. మట్టే మిగలని గని గుట్టల మీదా దానికి సాటి వచ్చేవి తక్కువ.

ఇలాగే అమెరికా నుంచి వచ్చిన మరో చెట్టు బ్లాక్ చెర్రీది ఇంకో కథ. ఆకు తొందరగా కుళ్లి నేల బాగుపడుతుందని నెదర్లాండ్స్‌లో పైన్ చెట్ల కింద నాటారు. అది పొదలై కమ్మేసరికి అక్కడివాళ్లే దానికి ‘అడవి చీడ’ అని పేరు పెట్టారు. దానితో పేచీ మట్టి వల్ల కన్నా అది పరిచే నీడ వల్లే ఎక్కువ.

లోకస్ట్‌ను తీసేయాలనుకుంటే మాత్రం మొదట్లోనే నరికేయొద్దు, వేళ్ల నుంచి గుంపులుగా పిలకలొస్తాయి. మొదటి ఏడాది కాండం చుట్టూ బెరడు ఒలిచి సన్నని పట్టీ ఒకటి వదిలేస్తారు. తర్వాతి ఏడాది అదీ తీసేస్తారు. చెట్టు నీరసించి చస్తుంది, పిలకలు తగ్గుతాయి.