గాదంకి లైడార్ డేటా: ఏళ్ల తరబడి వాడాక

వాతావరణ బెలూన్ ముప్పై, ముప్పై అయిదు కిలోమీటర్లు ఎక్కేసరికి పగిలిపోతుంది. రాకెట్ వదిలితే ఒక్కసారి కొలత, అంతటితో సరి. అంతకు పైన గాలి ఎంత వేడిగా ఉందో రాత్రంతా విడవకుండా చూడాలంటే లైడారే దిక్కు. లేజర్ వెలుగును పైకి వదిలి, వెనక్కొచ్చిన దాన్ని బట్టి గాలిని కొలిచే పరికరం అది. నెల్లూరులో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతూ, పరిశోధన కోసం తిరుపతి దగ్గరి గాదంకి లైడార్ డేటాతో ఏళ్లుగా కుస్తీ పడుతున్నాను.

1998లో జపాన్ సహకారంతో పెట్టిన రేలీ లైడార్ అది, అంటే గాలి అణువులు చెదరగొట్టే వెలుగును వాడుకునేది. 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్, మొదట్లో సెకనుకు 20 పల్స్‌లు, నిటారుగా పైకి. వెనక్కి చెదిరిన వెలుగును టెలిస్కోపు పట్టుకుంటుంది. ఒక మైక్రోసెకను ఆలస్యం అంటే 150 మీటర్ల ఎత్తు. "సార్, అంత పైన థర్మామీటరు ఎవరు పెట్టారు?" అని ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు అడుగుతారు. ఎవరూ పెట్టలేదు నాయనా, మనకొచ్చేది ఫోటాన్ల (వెలుగు కణాల) లెక్క ఒక్కటే. అందులోంచి గాలి సాంద్రత, పై గాలి బరువును కింది గాలి మోస్తుందన్న సూత్రంతో ఉష్ణోగ్రత రాబట్టుకోవాలి.

చిక్కంతా ఆ రాబట్టడంలోనే ఉంది. లెక్క పైనుంచి కిందికి నడుస్తుంది కాబట్టి, మొదలుపెట్టే చోట ఉష్ణోగ్రతను ఏదో ఒక మోడల్ నుంచి అరువు తెచ్చుకోక తప్పదు. ఆ అరువులో తేడా ఉంటే పది, పదిహేను కిలోమీటర్లు దిగాక గానీ దాని ప్రభావం పోదు. ఫైలు తెరిచి 80 కిలోమీటర్ల పైన గళ్లు చూడండి: 0, 1, 0, 0, 2. ఆకాశపు వెలుగును, డిటెక్టర్ రొదను తీసేస్తే మిగిలేది సున్నాయే. అందుకే పై భాగాన్ని నేను గ్రాఫులో పెట్టను. 30 కిలోమీటర్ల కింద ధూళికణాలు కలిసి లెక్క చెడగొడతాయి.

35 నుంచి 70 దాకా మాత్రం కళ్లు మూసుకుని నమ్ముతాను. 50 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా స్ట్రాటోపాజ్, అంటే స్ట్రాటోస్ఫియర్ పొర పై అంచు, చక్కగా తేలుతుంది. గంట గంటకూ ప్రొఫైళ్లు (ఎత్తును బట్టి ఉష్ణోగ్రత గీతలు) పక్కపక్కన పేరిస్తే, వేడి శిఖరాలు మెల్లగా కిందికి జారుతూ కనిపిస్తాయి. అవి గురుత్వ తరంగాలు, అంటే గాలి పైకీ కిందికీ ఊగడంతో పుట్టే అలలు. ఒక చోట నిలవని ఉపగ్రహం ఈ వరస చూపలేదు. నా ఓటు లైడార్‌కు పడేది ఇందుకే.

మబ్బు పడితే ఇక చేసేదేం లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు మన వైపు ఎంత పట్టు పడతాయో చెప్పక్కర్లేదు. డేటా దండిగా దొరికేది జనవరి నుంచి మార్చి దాకానే. అది కూడా రాత్రిళ్లే. ఏడాది పొడవునా మార్పులు చూడాలనుకునేవాళ్లు ఉపగ్రహ డేటా జోడించుకోవాల్సిందే.

పై గాలిలోని సోడియం గురించి తెలుసుకోవడానికి ఈ రేలీ పద్ధతి పనికిరాదు. దానికి 589 నానోమీటర్ల సోడియం లైడార్ కావాలి. ఉల్కలు కాలి వదిలిన సోడియం 80 నుంచి 105 కిలోమీటర్ల మధ్య పొరగా నిలుస్తుంది, సరిగ్గా రేలీ చేతులెత్తేసే చోట.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు సిద్ధం చేసిన ఉష్ణోగ్రత ఫైళ్లతో ఆగకుండా, ముడి ఫోటాన్ లెక్కలు కూడా అడిగి తీసుకోండి.