మా అల్లుడి ఐటీఐలో కౌన్సెలింగ్ గది: అయిదుకు మూడున్నర

మూడున్నర స్టార్లు ఇస్తున్నాను. ఒకటిన్నర ఎందుకు కోశానో కింద రాశాను, ఓపిక ఉంటే చదవండి.

నాకు అనంతపురంలో మోటార్ల వైండింగ్ షాపు ఉంది. ఎండాకాలం వస్తే బోర్లలో నీళ్లు అడుగుకు పోతాయి. నీళ్లు లేకుండానే మోటారు తిరిగి తిరిగి కాలిపోతుంది. దాన్ని ఆటోలోనో, ట్రాక్టర్‌లోనో, ఒక్కోసారి బైకు వెనక కట్టుకొనో నా దగ్గరకు తెస్తారు. ఆ మూడు నెలలు మా ఇంట్లో ఎవరు తిన్నారో ఎవరు తినలేదో నాకు తెలియదు. మా అల్లుడు సరిగ్గా తినడం మానేసి నెల దాటినా నేను కనిపెట్టలేదంటే, నేను చెప్పుకునే సాకు ఇదే.

అల్లుడంటే మా అక్క కొడుకు. వాళ్లది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మా బావ బెంగళూరులో సెంట్రింగ్ పనికి పోతాడు. అక్క ఊర్లో ఉండి వేరుశెనగ చేను, రెండు ఎనుములు చూసుకుంటుంది. పిల్లోడు మా ఇంట్లో ఉండి ఇక్కడే ఒక ప్రైవేటు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఐటీఐ పేరు రాయను. వాడి బ్యాచ్‌లో ఉండేదే ఇరవై మంది, పేరు రాస్తే వాడెవడో చిటికెలో తెలిసిపోతుంది.

ఒకరోజు మధ్యాహ్నం వాళ్ల ఇన్‌స్ట్రక్టర్ సారు ఫోన్ చేశారు. "ఏమప్పా, మీవాడు వారంలో రెండు రోజులు కనబడడం లేదు. వచ్చిన రోజు కూడా వైరింగ్ బోర్డు ముందర స్క్రూడ్రైవర్ పట్టుకొని అట్లే నిలబడిపోతాడు. స్టేర్‌కేస్ వైరింగ్ కళ్లు మూసుకొని చేసేవాడు, నిన్న రెండు టూవే స్విచ్‌లు కలపలేక పక్కన పెట్టేసినాడు. ఇంట్లో ఏమన్నా గొడవా?" అన్నారు.

ఇంట్లో గొడవేమీ లేదు. పొద్దున ఎనిమిదిన్నరకు టిఫిన్ డబ్బా పట్టుకొని పోతున్నాడు కదా అనుకున్నాను. పోయేది రైల్వే స్టేషన్‌కట, ప్లాట్‌ఫారం బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చుని వచ్చేవాడు. నేను అందరు మేనమామలూ చేసే పనే చేశాను. తిట్టాను, ఫోన్ లాక్కున్నాను. రీల్స్ చూసి చెడిపోయినాడని తేల్చేశాను. వాడు ఎదురు మాట్లాడి ఉంటే బాగుండేది. "సరే మామా" అని ఫోన్ టేబుల్ మీద పెట్టి పోయి పడుకున్నాడు. ఎంత తిట్టినా వాడి ముఖంలో ఏ మార్పూ లేకపోవడంతో నాకు అప్పుడు మొదటిసారి భయం వేసింది.

మర్నాడు ఆ సారే మళ్లీ ఫోన్ చేసి, "తిట్టొద్దు, తీసుకొని రా, మా దగ్గర ఒక మేడమ్ ఉంటారు" అన్నారు. అడ్మిషన్ రోజు రసీదులో "విద్యార్థి సంక్షేమం" అని 500 రూపాయలు రాసి ఉంటే, ఇదేం వసూలు అని గొణిగినవాణ్ని నేను. ఫీజు అప్పుడే ఉంది, గది మాత్రం పోయిన సంవత్సరం వచ్చింది.

ఆ గది ఊరికే రాలేదని తర్వాత తెలిసింది. విశాఖలో నీట్ కోచింగ్‌కు చేరిన 17 ఏళ్ల అమ్మాయి 2023లో చనిపోతే, ఆ తండ్రి కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 2025 జులై 25న కోర్టు తీర్పు చెబుతూ విద్యాసంస్థలన్నిటికీ కొన్ని నియమాలు పెట్టింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులుంటే అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతి గదుల్లో అందరికీ కనబడేలా రాయాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లయినా శిక్షణ ఇవ్వాలి. మన ఆంధ్ర నుంచి పోయిన కేసే ఇది. ఇంజనీరింగ్, నీట్ పిల్లల కోసం మాత్రమే అనుకునేరు, ఐటీఐలో ఆకురాయి పట్టుకొని ఇనుము అరగదీసే పిల్లోడికీ వర్తిస్తుంది.

ఇక గది సంగతి. వర్క్‌షాపు ఎదురుగా, స్టోర్ రూమ్ పక్కన ఉంటుంది. ఒక టేబులు, మూడు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ఫ్యాను. గోడకు నవ్వే పిల్లల పోస్టరు. మేడమ్ వచ్చేది మంగళవారం, శుక్రవారం, పదకొండు నుంచి రెండు దాకా. టేబుల్ మీద ఒక పొడుగు రిజిస్టరు: పేరు, ట్రేడు, వచ్చిన కారణం, సంతకం. మా వాడు రాయబోతూ పై వరసలు చదివాడు. నేనూ చదివాను, తప్పే. "నిద్ర లేదు", "ఇంట్లో తాగుడు", "ప్రేమ". ముగ్గురూ వాడికి తెలిసినవాళ్లే. వాడు కారణం గడిలో "జ్వరం" అని రాశాడు.

ఇక్కడే ఒక స్టారు తీసేశాను. నా షాపులో మోటార్ల రిజిస్టరు కూడా కస్టమర్ల ముందర పెట్టను, ఎవరి బోరు ఎన్నిసార్లు ఎండిందో ఊరంతటికీ ఎందుకు?

మేడమ్ మాత్రం బంగారం. మొదటి పావుగంట చదువు మాటే ఎత్తలేదు. పొద్దున ఎన్నింటికి లేస్తావు, ఏ కూర ఇష్టం, క్రికెట్ ఆడేవాడివట ఎప్పుడు మానేశావు, ఇట్లాంటివే. తర్వాత తెలుగులో ఉన్న ఒక కాగితం ఇచ్చారు. పీహెచ్‌క్యూ-9 అంటారట, మనిషికి దిగులు ఎంతుందో చూసేది. తొమ్మిది ప్రశ్నలు, గడిచిన రెండు వారాల్లో ఎలా ఉందని. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు, మొత్తం 27. పది, అంతకు మించి వస్తే తేలిగ్గా తీసుకోకూడదట. మా వాడికి 15 వచ్చింది. జీవితంలో వాడికి ఎక్కువ మార్కులు వస్తే నేను బాధపడింది అదొక్కసారే. జబ్బు ఉందని ఈ కాగితం తేల్చదు, డాక్టరు దగ్గరకు పోవాలా వద్దా అని చెబుతుంది, అంతే అన్నారు మేడమ్.

తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండు అనే ఆలోచన గురించి. మేడమ్ దాన్ని కాగితం మీద వదిలేయకుండా నోటితో కూడా అడిగారు. నాకు కోపం వచ్చింది. బయటకు వచ్చి, "ఏంటికి మేడమ్ ఇట్లాంటివి అడగడం, లేని ఆలోచన రాదా?" అన్నాను. ఆమె నిదానంగా, "అడిగితే కొత్తగా రాదు సార్. ఉంటే బయటపడుతుంది, చెప్పుకున్నాక కొంచెం తేలికవుతుంది. అడగకుండా వదిలేస్తేనే ప్రమాదం" అన్నారు. ఇంకోటి కూడా చెప్పారు: వాడు చెప్పింది ప్రిన్సిపాల్‌కు చెప్పరు, నాకూ చెప్పరు. ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే మాత్రం ఇంట్లోవాళ్లకు చెబుతారు. ఈ మాట మొదటే వాడికీ చెప్పారట.

వాడు నాతో చెప్పింది ఆ రాత్రే, షాపు షట్టర్ దించాక. పదో తరగతిలో వాడి పక్కన కూర్చున్నవాళ్లు ఇంజనీరింగ్‌లో ఉన్నారు. ఒక పెళ్లిలో ఎవరో ఏం చదువుతున్నావు నాయనా అని అడిగి, ఐటీఐ అనగానే "ఓ, అంతేనా" అని ప్లేటు పట్టుకొని పోయారట. మొదటి సంవత్సరం కంప్యూటర్‌లో పెట్టే థియరీ పరీక్ష పోయింది, అది మాకు చెప్పలేదు. ఇంకా ఏదో చెప్పబోయి ఆగాడు. నేను గుచ్చి గుచ్చి అడిగితే, "రోజూ రాత్రి పది దాకా షాపులో కూర్చోబెడతావు కదా మామా, పొద్దున లేస్తే ఒళ్లు రాదు" అన్నాడు. పని నేర్చుకుంటాడని కూర్చోబెట్టాను. జీతం లేని పనివాడు దొరికాడని కూడా, అది ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

మేడమ్ చీటీ రాసిస్తే సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లాను. డాక్టరు ముందు థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు రాశారు, వాటిలో తేడా ఉన్నా ఇట్లాగే నీరసం, దిగులు ఉంటాయట. తర్వాత మాత్ర రాశారు. గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది, బాగుందని మధ్యలో మీరే ఆపేయొద్దు అని రెండుసార్లు చెప్పారు. మా అక్క కసాపురం ఆంజనేయస్వామికి మొక్కుకుంది. వద్దనలేదు, శనివారం గుడికీ పోయాం, రాత్రి మాత్రా వేసుకున్నాడు. మా బావకు చెప్పడానికే ఎక్కువ కష్టపడ్డాను. ఫోన్లో చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, చివరికి "అన్నం తింటున్నాడా" అని మాత్రం అడిగాడు.

మందు మొదలుపెట్టిన రెండో వారం ఒక ఆదివారం రాత్రి వాడికి ఏడుపు ఆగలేదు. మంగళవారం దాకా మేడమ్ రారు. వర్క్‌షాపు తలుపు మీద ఎర్ర రంగుతో రాసి ఉన్న నంబరు వాడికే గుర్తుంది: 14416. టెలీ మానస్, మనసు బాగాలేనివాళ్లు ఫోన్ చేసి మాట్లాడే హెల్ప్‌లైన్. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, వెనకుండి నడిపించేది బెంగళూరులోని పెద్ద మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్. డబ్బులు పడవు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. వాడు మేడ మీదికి పోయి మాట్లాడాడు, నేను మెట్ల మీద కూర్చున్నాను. ఏం మాట్లాడాడో అడగలేదు. దిగి వచ్చి "ఆకలేస్తోంది అత్తా" అన్నాడు మా ఆవిడతో. పదకొండు గంటలప్పుడు ఆమె ఉగ్గాని కలిపింది.

ఇక మిగిలిన అర స్టారు. కౌన్సెలింగ్‌లో కూర్చున్న గంటకు వర్క్‌షాపు హాజరు పడలేదు. ఐటీఐలో పరీక్షకు కూర్చోవాలంటే 80 శాతం హాజరు ఉండాలి, వాడికి అప్పటికే అంతంతమాత్రం. గది వాళ్లదే, మేడమ్‌ను పెట్టింది వాళ్లే, అక్కడికి పోయినందుకు ఆబ్సెంట్ వేసేదీ వాళ్లే. ఆఫీసులో అడిగితే "సాఫ్ట్‌వేర్‌లో ఆ ఆప్షన్ లేదు" అన్నారు. చివరికి ఆ ఇన్‌స్ట్రక్టర్ సారే ఏదో లెటర్ పెట్టి సరిచేయించారు. నన్నడిగితే ఆ మూడున్నర స్టార్లలో రెండు గదివి కావు, ఈ సారువి. రోజూ హాజరు పిలిచేటప్పుడు పిల్లోడి ముఖం చూసేది ఆయనే. మేడమ్ ఎంత మంచిదైనా, కుర్చీలో కూర్చుని ఉంటే స్టేషన్ బెంచీ మీద ఉన్న పిల్లోడు ఆమెకు కనబడడు కదా. ఈ పనికి ఆయనకు జీతంలో ఒక్క రూపాయి ఎక్కువ రాదు.

మీ పిల్లల్ని ఐటీఐలో చేర్చేవాళ్లుంటే ల్యాబు, మెషీన్లతో పాటు కౌన్సెలర్ ఏ రోజుల్లో వస్తారో, గది ఎక్కడుందో కూడా చూడండి. వర్క్‌షాపు ఎదురుగా ఉంటే ఎవడు లోపలికి పోతున్నాడో బ్యాచ్ అంతా చూస్తుంది. మా వాణ్ని రెండు వారాలు "జ్వరంగాడు" అని పిలిచారు.

ఇప్పుడు వాడు కాలేజీకి పోతున్నాడు. పోయిన పేపరు మళ్లీ రాస్తాడు. షాపులో ఏడున్నరకే లేచి ఇంటికి పో అంటాను, కొన్నిసార్లు వాడే ఎనిమిది దాకా ఉండి స్టార్టర్ బాక్సు విప్పుతుంటాడు. మాత్ర ఇంకా వేసుకుంటున్నాడు, ఫోన్ తిరిగి ఇచ్చేశాను.

రిజిస్టరు సంగతి ప్రిన్సిపాల్‌కు కాగితం మీద రాసిచ్చాను. మొన్న మంగళవారం పోయినప్పుడు చూస్తే అది టేబుల్ మీదే ఉంది. ఎవరో పెన్ను ఎత్తుకుపోతున్నారని దానికి మాత్రం దారం కట్టారు.