కాలువ గట్టున జల్సా భోజనం

రావులపాలెం నుంచి అమలాపురం వెళ్ళే దారిలో, కొత్తపేట దాటాక కాలువ గట్టున ఉన్న ఒక శాకాహార భోజనశాలలో మామూలు భోజనంతో పాటు ‘జల్సా భోజనం’ కూడా 350 రూపాయలకు వడ్డిస్తున్నారు. బోర్డు మీద ఆ పేరు చూసే నేను లోపలికి వెళ్ళాను. మా ఇళ్ళలో జల్సా అన్నది మెచ్చుకోలు మాట కాదు. తాతల నాటి కొబ్బరితోట అమ్ముకుని తిరిగినవాణ్ణి జల్సారాయుడనేవారు; జీతం వారం తిరగకుండా ఖర్చుచేసిన కొడుకును ‘జల్సాలు ఎక్కువయ్యాయిరా నీకు’ అని మందలించేవారు.

ఆ మాట పుట్టుకలో మాత్రం ఈ విచ్చలవిడితనం ఏమీ లేదు. అరబ్బీలో ‘జలస’ అంటే కూర్చున్నాడు అని అర్థం. దాని నుంచి వచ్చిన జల్సా అంటే కూర్చోవడమే. నమాజులో నుదురు నేలకు ఆనించి చేసే రెండు సజ్దాల నడుమ కాసేపు కూర్చోవడాన్ని నేటికీ జల్సా అనే అంటారు. పదిమందీ కూర్చునే మజ్లిస్ కూడా ఆ ధాతువు నుంచి వచ్చినదే. ఉర్దూలో జల్సా సభకూ సంగీత కచేరీకీ పేరైంది. అటువంటి కూటముల్లోని విందూ వినోదమూ ముందుకు వచ్చి, కూర్చోవడం అనే అర్థం మన తెలుగులో మరుగున పడిందని నాకు తోస్తుంది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయనుకునే ఇళ్ళలో ఆ మాట తిట్టుగా స్థిరపడటంలో వింత లేదు.

నేను మొదట వెళ్ళింది బుధవారం. అరిటాకు మీద ముద్దపప్పు, ఆవకాయ, ఆవపెట్టిన కంద బచ్చలి, పనసపొట్టు కూర, మజ్జిగ పులుసు, చివర గడ్డపెరుగు, ఆత్రేయపురం పూతరేకు వడ్డించారు. కంద బచ్చలిలో ఆవ ఘాటు ముక్కుకు తగులుతూనే చింతపండు పులుపు దాన్ని అణిచిపెట్టింది. కంద దురద లేకుండా, చిదిపితే వెన్నలా విడిపోయేంతగా ఉడికింది. ఆ ఒక్క కూర కోసమే మళ్ళీ వెళ్ళవచ్చు. పనసపొట్టులో నూనె కొంచెం ఎక్కువైంది. అన్నింటికన్నా నాకు నచ్చింది వడ్డన. పెరుగన్నం కలుపుకుంటూ గడియారం చూసుకుంటున్న నా ఆకులో వడ్డించే పెద్దాయన మరో గరిటె పెరుగు వేసి, ‘తొందరేముందండీ, నిదానంగా కూర్చోండి’ అన్నారు. అరబ్బీ మాటకు అసలు అర్థం ఆయన నోట విన్నట్టయింది.

పదకొండు రోజుల తరువాత, ఆదివారం మధ్యాహ్నం, మా అక్కా బావగారితో కలిసి వెళ్ళినప్పుడు ఆ తీరు కనిపించలేదు. కూపన్లు పట్టుకున్నవాళ్ళను మా కుర్చీల వెనకే నిలబెట్టారు. మా బావగారు ఇంకా పెరుగు అడుగుతుండగానే పక్క ఆకులు మడిచేసి, బల్ల మీద తడిగుడ్డ వేశారు. కూరలు ఆనాటిలాగే ఉన్నాయి, ధరా అంతే. అయినా మా అక్క పూతరేకును కాగితంలో చుట్టుకుని బయటికి వచ్చి తినవలసి వచ్చింది. మామూలు భోజనంలో ఇది సర్దుకోదగ్గదే కానీ, జల్సా అని పేరు పెట్టి డబ్బు తీసుకున్నప్పుడు మనిషిని కూర్చోనివ్వాలి. యజమాని ఆదివారాలు ఆ భోజనానికి విడిగా నాలుగు బల్లలు కేటాయిస్తే బాగుంటుంది. అంతవరకు వెళ్ళదలచినవారు పనిరోజుల్లో, పన్నెండున్నరలోపు వెళ్ళి, కాలువ వైపు కిటికీ పక్కన చోటు అడగండి.