కిటికీలు కడిగే గడ కోసం ముంబయి దాకా

నీళ్లు పారే పొడవాటి గడ ఉంటే నేల మీద నిలబడే మూడో అంతస్తు అద్దాలు కడగవచ్చు, తాడు కట్టుకుని వేలాడనక్కర్లేదు. హైదరాబాద్‌లో మాది చిన్న క్లీనింగ్ వ్యాపారం. జర్మనీ కంపెనీ ఉంగర్ అమ్మే గడ సెట్టు కొనే స్తోమత లేదు. అందుకే ముందు సికింద్రాబాద్ రాణిగంజ్, తర్వాత ముంబయి నాగదేవి స్ట్రీట్, రెండు పనిముట్ల బజార్లూ తిరిగి వచ్చాను.

రాణిగంజ్‌కు గడ కోసం కాదు, నీళ్లు శుద్ధి చేసే సామాను కోసం వెళ్లాలి. ఈ పద్ధతిలో గుడ్డతో తుడవడం ఉండదు. బ్రష్షుతో రుద్ది, జాడించి, అలాగే ఆరనిస్తాం. నీళ్లలో లవణాలుంటే అద్దం నిండా తెల్లటి మచ్చలు మిగులుతాయి. తాగే నీటికి టీడీఎస్, అంటే లీటరు నీళ్లలో కరిగిన లవణాలు, 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిదంటారు, అద్దానికి మాత్రం సున్నాకు దగ్గరగా ఉండాలి. మా బోరు నీళ్లలో మీటరు పెడితే 800 దాటింది.

ఒక దుకాణంలో, లవణాలను పీల్చుకునే రెసిన్ గుళికల సిలిండర్ ఒక్కటి చాలన్నారు. మొదటి ఖర్చు తక్కువే, కానీ 800 ఉన్న నీటిని నేరుగా పోస్తే రెసిన్ చూస్తుండగానే అయిపోతుంది. ముందు ఆర్‌ఓ మెంబ్రేన్ (లవణాలను ఆపే పొర) పెట్టి 95 శాతం తగ్గిస్తే రెసిన్‌కు మిగిలేది 40. అంటే అదే రెసిన్ ఇరవై రెట్లు ఎక్కువ నీళ్లకు వస్తుంది. వీధివీధికీ మంచినీళ్ల ప్లాంట్లున్న ఊళ్లో మెంబ్రేన్లు, హౌసింగ్‌లు చవకే, మరమ్మతు చేసేవాళ్లకూ కొదవ లేదు. పంపు కోసం కూడా దూరం పోనక్కర్లేదు. రైతులు వీపున వేసుకునే బ్యాటరీ స్ప్రేయర్‌లో ఉండే 12 వోల్టుల పంపు నిమిషానికి రెండు లీటర్లు సునాయాసంగా తోస్తుంది.

గడల దగ్గరే రాణిగంజ్ నిరాశపరిచింది. నాకు కనబడినవన్నీ సోలార్ పలకలు కడిగే అల్యూమినియం గడలే. మన వీధుల్లో కరెంటు తీగలు బాల్కనీలను రాసుకుంటూ పోతాయి. అక్కడ అల్యూమినియం పట్టుకోవడమంటే చావును పిలవడమే. కార్బన్ ఫైబర్ తేలికే కానీ అదీ విద్యుత్ వాహకమే. గ్లాస్ ఫైబర్ కాస్త బరువు, కాస్త ఊగుతుంది, అయినా నా ఓటు దానికే. తడిసి ఉంటుంది కాబట్టి ఆ గడను కూడా తీగల దరిదాపులకు తీసుకెళ్లకూడదు.

ఆ గడ కోసమే ముంబయి రైలెక్కాను. హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ మధ్యాహ్నం నాంపల్లిలో ఎక్కితే తెల్లవారకముందే ముంబయి సీఎస్‌ఎంటీ స్టేషన్‌లో దింపుతుంది. దుకాణాలు తెరిచేసరికి పది దాటుతుంది కాబట్టి రైల్వే రిటైరింగ్ రూము ముందే బుక్ చేసుకోవడం మేలు. నాకు దొరకలేదు. దగ్గర్లోని లాడ్జిలో కిటికీ లేని గదికి రోజు మొత్తం అద్దె తీసుకున్నారు, పైగా వేడినీళ్లకు వేరే డబ్బు. కిటికీల పని మీద వచ్చినవాడికి భలే గది!

నాగదేవి స్ట్రీట్ అక్కడి నుంచి నడక దూరమే. సందంతా తోపుడుబండ్లు, మోత కూలీలు. గడ పూర్తిగా విప్పి చూపమంటే చాలామంది తల అడ్డంగా ఊపారు. ఒక పెద్దాయన మాత్రం కుర్రాణ్ణి పిలిచి మేడమెట్ల మధ్యనుండే ఖాళీలో నిలువునా విప్పించాడు. ముప్పై అడుగుల గ్లాస్ ఫైబర్ గడ అది. గడ ముక్కలను పట్టి ఉంచే క్లాంపులు బిగించి, రెండు చేతులతో పట్టుకుని కిందికి గట్టిగా అదిమాను. మూడో కీలు దగ్గర పైముక్క వేలెడంత జారింది. ఆయన జేబులోంచి చిన్న రెంచి తీసి నట్టు పావు చుట్టు తిప్పాడు, ఇక కదల్లేదు. బయటి నుంచి బిగించుకునే క్లాంపులే కొనాలని అక్కడే తేల్చుకున్నాను. బ్రష్షు, దాన్ని గడకు తగిలించే వంపు మెడ (గూస్‌నెక్), రెండు విడి క్లాంపులతో కలిపి పద్దెనిమిది వేలకు బేరం కుదిరింది. జీఎస్టీ బిల్లు అడిగి తీసుకున్నాను.

మడిచినా ఆరడుగులుండే గడను రైలు పెట్టెలోకి రానివ్వరు, సామాన్లు వేసే బ్రేక్ వ్యాన్‌లో వేయాలి. లారీ పార్సిల్ చవక, కానీ ఎప్పుడొస్తుందో చెప్పలేరు. తిరుగు ప్రయాణం స్లీపర్ బస్సులో చేశాను. టికెట్ రైలుకన్నా చాలా ఎక్కువ, నిద్ర అంతంతమాత్రం. గడ మాత్రం డిక్కీలో అడ్డంగా పడుకుని గీత పడకుండా వచ్చింది. ఎక్కించే ముందే క్లీనర్‌తో మాట్లాడి, పెట్టెల కింద నలగకుండా చివర్లో పెట్టించుకోవాలి. గడకు నీళ్లందించే గొట్టం ముంబయిలో కొనకండి. అదే రకం రాణిగంజ్‌లో మీటరుకు తక్కువ పడుతుంది, మోసే బరువూ తప్పుతుంది.