కత్తెర పురుగు బుట్టలు: మక్క చేనుకు పనికొస్తాయి, ఎర సరైనదైతే

మక్కను తినే కత్తెర పురుగు కోసం పాలమూరు, నాగర్‌కర్నూల్ పురుగుమందుల దుకాణాల్లో దొరికే గరాటు రకం లింగాకర్షక బుట్ట మంచి సరుకే. మూత, గరాటు, కింద పాలిథిన్ సంచి, మూత కింద ఎర (ఆడ పురుగు వాసనతో మగవాటిని రప్పించేది) గుచ్చే చోటు, ఇంతే. కొనేటప్పుడు మాత్రం కళ్లన్నీ ఎర ప్యాకెట్ మీదే ఉండాలి.

మన దగ్గర వేరుశనగ, ఆముదం చేన్లకు పొగాకు లద్దె పురుగు ఎర ఎప్పటినుంచో అమ్ముతున్నారు. దాని పేరు స్పోడోప్టెరా లిట్యూరా. కత్తెర పురుగు స్పోడోప్టెరా ఫ్రుజిపెర్డా. ఉత్త 'స్పోడోప్టెరా ఎర' అని అడిగితే మొదటిదే చేతికి రావచ్చు. రెండింటి ఆడ పురుగుల వాసనలు వేరు. తప్పు ఎర పెడితే బుట్ట ఖాళీగానే ఉంటుంది, పురుగు లేదనుకుని రైతు ఊరుకుంటాడు, ఆలోగా సుడి (మొక్క నడిమి లేత ఆకుల చుట్ట) పోతుంది. పేరు, గడువు తేదీ రెండూ చదివాకే డబ్బులివ్వండి.

మొలక రాగానే ఎకరాకు 5 బుట్టలు, పైరు కొనకు ఒక అడుగు ఎత్తులో కట్టాలి. పైరుతో పాటు బుట్టనూ పైకి జరపాలి. మందు అంటిన చేత్తో ఎరను ముట్టొద్దు. దీనికి వేరే రెక్కల పురుగులూ కొన్ని పడతాయి, అన్నింటినీ లెక్కేయకండి. కత్తెర పురుగు మగదానికి ముందు రెక్క చివర తెల్లటి మచ్చ ఉంటుంది.

బలహీనత సంచిలో ఉంది. గాలికి చిరుగుతుంది, వానకు నీళ్లు నిలిచి పురుగులు కుళ్లిపోతాయి. అడుగున పిన్నుతో నాలుగు రంధ్రాలు పొడిస్తే నీళ్లు కారిపోతాయి. బుట్ట కట్టిన కర్రకు గ్రీజు పూయకపోతే చీమలు పడ్డవాటిని తినేసి లెక్క తప్పిస్తాయి.

బుట్టలతోనే పురుగు పోతుందని అమ్మేవాళ్లు చెబితే నమ్మొద్దు. పడేవి మగవే. పక్క చేలో జతకట్టిన ఆడది వచ్చి ఒక్కో గుంపులో 100 నుంచి 200 గుడ్లు పెట్టిపోతుంది. దీని ఎగురుడు అట్లాంటిది: సొంతగడ్డ అమెరికాలో చలికి తట్టుకోలేక ఫ్లోరిడా, టెక్సాస్ దక్షిణ కొసల్లోనే బతికి, ఏటా ఎండాకాలానికి కెనడా దాకా పోతుంది. 2018లో కర్ణాటకలో కనబడి మన దగ్గరికీ వచ్చింది. ఇక్కడ దాన్ని ఆపే చలి లేదు, వానాకాలం పంట అయితే యాసంగి మక్క ఉండనే ఉంది.

కాబట్టి ఇది కబురు చెప్పే సాధనం. బుట్టకు రోజుకు ఒక పురుగు పడితే మొక్కల ఆకుల కింద గుడ్లు వెతకండి, లీటరు నీటికి 5 మి.లీ. చొప్పున 1500 పీపీఎం వేపనూనె మందు కొట్టండి. పురుగు ఎదిగి సుడిలోకి దిగాక వేప చాలదు, ఇమామెక్టిన్ బెంజోయేట్ 5 ఎస్‌జీ అనే పురుగుమందు లీటరు నీటికి 0.4 గ్రాములు సుడిలో పడేలా కొట్టాలి.

ఎర నెలకోసారి మార్చాలి. సుడి దశ దాటేదాకా బుట్టకు రెండు సరిపోతాయి, అంటే ఎకరాకు 10. మిగిలిన ప్యాకెట్లు విప్పకుండా ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. దుకాణంలో ఎండ తగిలే అరలో ఉన్నవి తీసుకోవద్దు.