అరకులో మూడు రోజులు: అద్దె ఇల్లా, హోటల్ గదులా?

డిసెంబరులో అరకు అనుకోగానే మా ఇంట్లో మొదలయ్యే చర్చ ఇదే, ఇల్లు మొత్తం అద్దెకు తీసుకుందామా, హోటల్లో రెండు గదులు సరిపోతాయా అని. మూడేళ్ల పాప, బీపీ ఉన్న అమ్మ వెంట వస్తున్నారు కాబట్టి నా ఓటు ఇంటికే, కాకపోతే అడ్వాన్సు పంపేముందు ఫోన్లో కొన్ని అడగాలి.

సామాను చూస్తే హోటలే హాయి. స్వెట్టర్లు, మంకీ క్యాపులు, మందులు సర్దుకుంటే చాలు. ఇంటికైతే బియ్యం, పప్పు, పోపు డబ్బా, చిన్న కుక్కరు, లైటరు, అంట్లు తోమే పీచుతో సహా మోయాలి, డిక్కీ సగం వంటింటికే పోతుంది. అయినా పాప రాత్రి పదింటికి లేచి పెరుగన్నం అడిగితే, అమ్మకు ఉప్పు తక్కువ కూర కావాలంటే, హోటల్లో ఆ వేళకి ఎవరిని లేపుతాం?

భద్రతలో మాత్రం అద్దె ఇల్లు వెనకబడుతుంది, ఎందుకంటే హోటల్లో రాత్రి పిలిస్తే పలికే మనిషి ఉంటాడు, ఇక్కడ అన్నీ మనమే చూసుకోవాలి. కిందటేడు మేం దిగిన ఇంట్లో గ్యాస్ గీజర్ బాత్రూమ్ లోపలే ఉంది, చలిగాలి రాకుండా వెంటిలేటర్‌కి అట్టముక్క అడ్డం పెట్టేశారు. వదిన స్నానం చేస్తూ కళ్లు తిరిగి గోడ పట్టుకుని బయటికొచ్చింది. గ్యాస్ సరిగా మండకపోతే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, అందుకే మనిషి పడిపోయేదాకా తెలియదు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టినా అదే ప్రమాదం, చలిమంట ఆరుబయటే.

అందుకే నా మొదటి ప్రశ్న, గీజర్ కరెంటుదా, గ్యాసుదా? గ్యాసుదైతే బాత్రూమ్ బయట పెట్టారా? తర్వాత మేడ మీద పిట్టగోడ ఎత్తెంత, ఈతకొలను ఉంటే చుట్టూ కంచె ఉందా, వాచ్‌మన్ రాత్రి అక్కడే పడుకుంటాడా, కారు గుమ్మం దాకా వస్తుందా. ఫోటోలు పంపమంటే నసిగేవాళ్లని నేను నమ్మను.

ఎక్కడ దిగినా మందుల సంచి డిక్కీలో కాదు, చేతిలోనే ఉండాలి. అమ్మ మాత్రలు రెండు రోజులకి అదనంగా, ఓఆర్ఎస్, థర్మామీటర్, పాప బరువుకి డాక్టరు చెప్పిన జ్వరం సిరప్ మోతాదు రాసిన చీటీ, ఘాట్‌రోడ్డులో వాంతులకి కవర్లు, టార్చ్‌లైటు, కొంత నగదు. పెద్దాసుపత్రి కావాలంటే విశాఖ దాకా, అంటే దాదాపు 115 కిలోమీటర్లు ఘాట్ దిగి వెళ్లాలి. ఇంటి గుర్తులు కాగితం మీద రాసి తలుపు దగ్గర పెడతాం, 108కి ఫోన్ చేసే కంగారులో దారి చెప్పడానికి మాట రాదు.

ఈసారి ఇల్లు దొరికింది, గీజర్ కరెంటుది, పిట్టగోడ పాప తలకంటే ఎత్తు. ఆ ఫోటోలు రాకపోయుంటే కుక్కరు ఇంట్లోనే వదిలేసి హోటల్ గదులే తీసుకునేవాళ్లం.