కొర్రెయు ద మన్యా: మొదటి పేజీ తిప్పేశాకే అసలు పత్రిక

పోర్చుగల్‌లో ‘కొర్రెయు ద మన్యా’ అనే ఈ దినపత్రిక పేరెత్తితే చాలు, అందరూ మొదటి పేజీనే తిడతారు. తిట్టేవాళ్ళూ కొంటారు, అది వేరే సంగతి. చాలాకాలంగా చదివేవాళ్ళకు మాత్రం దీని ప్రాణం లోపలి పేజీల్లోని సింగిల్ కాలమ్ వార్తల్లో ఉంటుంది. మన జిల్లా టాబ్లాయిడ్ల పొడి వార్తల్లాంటివే, కానీ లెక్క తప్పని కొలతతో రాస్తారు.

రోడ్డు ప్రమాదం వార్తనే చూడండి. ఊరు, మునిసిపాలిటీ, రోడ్డు నంబరు, ప్రమాద సమాచారం ఎన్నింటికి అందిందో నిమిషాలతో సహా ఉంటాయి. చివరి వాక్యం దాదాపు ఎప్పుడూ ఒకటే: ఎంతమంది సిబ్బంది, ఎన్ని వాహనాలతో వెళ్ళారు. మొదట చూడాల్సింది ఆ వాక్యమే. అయిదారుగురు, రెండు వాహనాలంటే మామూలు గుద్దుడు. అత్యవసర వైద్య సంస్థ ఇనెమ్ హెలికాప్టర్ దిగిందంటే ఎవరిదో ప్రాణం మీదికి వచ్చినట్టే. కాకపోతే అది వార్త రాసేటప్పటి లెక్క. తర్వాత మారొచ్చు.

నేరవార్తలో ముందు పోలీసులెవరో చూడాలి. పల్లెలూ చిన్న పట్టణాలూ జీఎన్‌ఆర్ అనే పోలీసు దళానివి, నగరాలు పీఎస్‌పీ అనే ఇంకో దళానివి. హత్యల్లాంటి పెద్ద కేసులు నేర దర్యాప్తు పోలీసు విభాగం పీజే చూస్తుంది. పట్టుకున్నవాణ్ని 48 గంటల్లోపు జడ్జి ముందు పెట్టాలి (మన దగ్గర 24). మనవాళ్ళు ‘రిమాండ్‌కు తరలించారు’ అని ముగించేచోట ఇక్కడ జడ్జి ఏం విధించారో ఉంటుంది: చిరునామా మారితే చెప్పాలన్న షరతా, స్టేషన్‌లో సంతకాలా, జైలా. ‘అర్గీదు’ అని కనిపించగానే చార్జిషీటు పడిందనుకోవద్దు. దర్యాప్తులో అనుమానితుడికిచ్చే చట్టపరమైన హోదా అది. లాయరును పెట్టుకునే హక్కు, నోరు విప్పకుండా ఉండే హక్కు దాంతోనే వస్తాయి.

ఈ క్రమశిక్షణ పేరులేని మామూలు మనుషుల కేసులకే, అదే చిక్కు. కేసులో పెద్ద పేరుంటే పొడి వాక్యాలు పోయి, దర్యాప్తు ఫైలు లోపలి కబుర్లు పతాక శీర్షికలవుతాయి. పోర్చుగల్ మాజీ ప్రధాని జుజే సోక్రటీస్ మీద నడిచిన ‘మార్కేష్’ అనే అవినీతి కేసులో ఇది కోర్టుదాకా వెళ్ళింది. ఆ ఫైలులోని విషయాలు ప్రచురించొద్దని 2015 అక్టోబరులో అప్పటి యజమాని సంస్థ కొఫీనా పత్రికలకు ఉత్తర్వులొచ్చాయి. పత్రిక నోరు ముందే కట్టేయడం నాకు నచ్చదు, కానీ అక్కడిదాకా తెచ్చుకున్న తీరూ నచ్చదు. 2013లో ఈ పత్రిక సొంత టీవీ ఛానల్ సీఎంటీవీ మొదలయ్యాక ఇంకో సంగతి: పొద్దున పేపర్లో వచ్చేది నిన్న సాయంత్రం తెరమీద అరిగిపోయిన వార్తే కావచ్చు.

మరి తీసుకోవాలా? అక్కడి పౌరసత్వానికి అవసరమైన ఏ2 (ప్రాథమిక) స్థాయి పోర్చుగీసు భాషకు సిద్ధమవుతుంటే ఈ పొడి వార్తలు రోజుకు నాలుగు చాలు. వాక్యాలు చిన్నవి, మాటలు మళ్ళీ మళ్ళీ అవే వస్తాయి. రాజకీయాలకు మాత్రం పక్కన ‘పూబ్లికు’ అనే ఇంకో దినపత్రిక ఉండాలి. ఇంటి దగ్గర కెఫే ఉంటే కొననే అక్కర్లేదు, కౌంటర్ మీద ఒక కాపీ సాధారణంగా పడి ఉంటుంది. పొద్దున్నే వెళ్తే పెద్దవాళ్ళ చేతుల్లో ఉంటుంది కాబట్టి, ఆ రద్దీ తగ్గాక వెళ్ళడం మేలు.